నందిబెట్ట దిగిన బండి

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కార్తీకమాసంలో ఒక ఆదివారం. కదిరప్ప తెల్లవారకముందే లేచి తన ఫోర్డు టాక్సీని తుడిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. బెంగళూరు చిక్కపేట జవుళి వ్యాపారి ఒకాయన కుటుంబంతో నందిబెట్ట కొండకు పోవాలని బండి మాట్లాడుకుని, తన రేషను కూపన్లతోనే టాంకు నిండా పెట్రోలు పోయించాడు. తీరా పొద్దు పొడిచే వేళకు ఆ ఇంటి గుమాస్తా వచ్చి, పిల్లకు అమ్మవారు పోసిందనీ, ప్రయాణం మానుకున్నారనీ, పెట్రోలు కదిరప్పనే వాడుకోమన్నారనీ చెప్పి పోయాడు.

కదిరప్ప బండి వైపు చూశాడు, ఇంటి వైపు చూశాడు. లోపల భార్య సొన్నమ్మ రాగిపిండి జల్లిస్తున్నది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఊళ్ళో ఎవరెవరి భార్యలనో ఎక్కించుకుని ఎక్కడెక్కడికో తిప్పాడు గానీ, సొంత భార్యను మాత్రం ఆ బండిలో వీధి చివరి వరకైనా తీసుకుపోలేదు. ఆ ఆలోచన అతనికి అప్పుడే, మొదటిసారిగా వచ్చింది.

"మే సొన్నా, లెయ్. బెట్టకి పోదాం పా."

"ఎవురు?"

"మనమే."

ఆమె జల్లెడ పట్టుకునే వాకిట్లోకి వచ్చింది. "ఏమయింది నీకు? పిండి సగం జల్లించినాను."

"పిండి యాడికీ పోదులే. పా."

అరగంటలో చిత్రాన్నం మూట కట్టుకుని, కాఫీపొడీ గిన్నే సంచిలో వేసుకుని ఆమె ముందు సీట్లో కూర్చుంది. హెబ్బాళ దాటి, యలహంక దాటి, దేవనహళ్ళి తోటల మధ్యగా బండి పోతుంటే కదిరప్పకు నోరు ఊరుకోలేదు. పదిహేనేళ్ళ అనుభవం, మైసూరు రోడ్డు, మడికెరి ఘాటురోడ్డు, వానలో తాను తప్పించుకున్న గండాలు అన్నీ చెప్పాడు. బెట్ట ఎక్కుతూ మొదటి మలుపు తిప్పి, "ఈ చక్రం పట్టుకోవల్లంటే గుండె కావల్ల. ఆడోళ్ళయితే కండ్లు మూసుకుంటారు" అని నవ్వాడు. సొన్నమ్మ కిటికీ బయట లోయలో మంచు చూస్తూ ఊకొట్టింది.

పైన జనం లేరు. గుడి వైపు పోకుండా, దూరంగా ఒక పెద్ద బండ నీడన బండి ఆపారు. కాఫీ కాచుకుందామన్నాడు కదిరప్ప. సొన్నమ్మ ఊట నీళ్ళకని గిన్నె తీసుకుని కిందికి దిగింది. అతను మూడు రాళ్ళు పెట్టి, ఆకూ అలమూ పోగుచేసి అగ్గి రాజేశాడు. ఆకులు మంచుకు తడిసి ఉన్నాయి. మంట రాలేదు. పొగ మాత్రం దట్టంగా లేచి బండను పట్టుకుని పైకి పాకింది. పైన, బండ ముందుకు వాలిన చోట, వేలాడుతున్నవి ఏమిటో అతను తల ఎత్తి చూడనే లేదు.

మొదట దూరంగా వాన వస్తున్నట్టు చప్పుడైంది. ఆకాశంలో మబ్బు లేదే అనుకుంటుండగానే కనుబొమ మీద కాల్చిన మేకు దిగినట్టయింది. చెయ్యెత్తేలోగా చెంప మీద, మెడ మీద, చెవిలోపల. పెద్ద జుంటీగలు. వెలుతురే నల్లబడింది. పరుగెత్తాడు. ఎటు పరుగెత్తాడో తెలియదు. కాలు రాతికి తగిలి బోర్లాపడ్డాడు. అరుద్దామని నోరు తెరిస్తే ఒక ఈగ నాలుక మీద కుట్టింది.

ఎవరో మీద బరువైన గుడ్డ కప్పారు. బండి డిక్కీలో ఉండే టార్పాలిను వాసన. రెండు చేతులు అతన్ని చంకల కింద పట్టి ఈడ్చాయి. "కాళ్ళు లాక్కో! లాక్కో!" అన్న సొన్నమ్మ గొంతు వినిపించింది. బండి వెనక తలుపు మూతపడింది.

కదిరప్పకు కళ్ళు తెరుచుకోవడం లేదు. రెప్పలు బూరెల్లా ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గుండె లెక్క తప్పి కొట్టుకుంటున్నది. పెదవులు తనవి కానట్టు ఉన్నాయి.

"సొన్నా... ఆపక్క బంగళాల కాడ డ్రైవరు ఎవురన్నా ఉంటారేమో... పిల్చు..."

బయట గబగబా అడుగుల చప్పుడు. ముందు తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు. ఇంజను లేచింది. క్లచ్చి వదిలిన తీరు నూనెలో జారినంత మెత్తగా ఉంది. బండి వెనక్కి పోయి, ఒక్క కుదుపు లేకుండా తిరిగి, దిగుడు పట్టింది. ఎవరో దొరికారని కదిరప్ప ప్రాణం కుదుటపడింది. చేతులు జోడించాడు.

"అప్పా, నువ్వెవురో గానీ దేవుని మాదిరి వచ్చినావు. మలుపులు జాస్తి ఉండాయి, చూసుకోని పో."

"నేనే" అంది సొన్నమ్మ.

"నువ్వు సరే. బండి తోల్తా ఉండేది ఎవురు?"

"నేనేనయ్యా."

తనకు మతి పోతున్నదనుకున్నాడు కదిరప్ప. లేచి, ముందు సీటు మీదుగా చెయ్యి చాపి తడిమాడు. గేరు కడ్డీ మీద చేతికి గాజులు తగిలాయి.

"చెయ్యి తియ్" అంది ఆమె. "మలుపొస్తా ఉండాది."

కుట్టిన చోట్లన్నీ ఒక్క క్షణం నొప్పి మానేశాయి. గుడ్డివాడిలా వెనక్కి కూలబడి బండిని విన్నాడు. మలుపుకు ముందే గేరు తగ్గుతున్నది. ఇంజను మూలుగుతూ బండిని వెనక్కి పట్టుకుంటున్నది. తాను ఇంకాస్త వేగంగా తిప్పేవాడు. ఇంకాస్త మొరటుగా తిప్పేవాడు.

"ఎట్ల... ఎప్పుడు..."

ఆమె రోడ్డు చూసుకుంటూ, ఆగి ఆగి చెప్పింది. "మా నాయనది బస్సు కదా, చింతామణి నుంచి మదనపల్లెకి. కొడుకు లేడని నాకు నేర్పించినాడు. మామిడితోపు పక్కన బీడులో. పదహారేండ్లప్పుడు ఆయనకి చలిజ్వరమొస్తే, ఆయన తలపాగా చుట్టుకోని నేనే తోలినా, జనంతో."

"నాకు చెప్పలేదే!"

"గంగమ్మ మీద ఒట్టేయించుకునింది మాయమ్మ. మొగోళ్ళ పని నేర్చిన పిల్లని ఎవురూ చేసుకోరని." ఇంకొక మలుపు తిప్పింది. తరవాత అంది: "అదీ గాక, నువ్వు రోజూ ఇంటికొచ్చి ఆ ఘాటు తిప్పినా, ఈ గండం తప్పించినా అని అంత సంతోషంగా చెప్తావు. ఎట్ల చెప్పేది?"

చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో డాక్టరు చిన్న పట్టకారుతో తొంభై దాకా ముళ్ళు తీశాడు. సూదిమందు వేసి, ఇంకొక గంట ఆలస్యమై ఉంటే ప్రాణం దక్కేది కాదన్నాడు. సొన్నమ్మకూ పదిహేను కుట్టాయని అప్పుడు తెలిసింది. ఆమె ఒక్కదాని మాటైనా ఎత్తలేదు. కిటికీ బయట జనం గుమిగూడి, బండి తోలుకొచ్చింది ఆడమనిషని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మంచం మీద కదిరప్ప ఆ మాట విన్న ప్రతిసారీ కొత్తగా ఉలిక్కిపడ్డాడు.

సాయంత్రం ఆమే బెంగళూరికి తోలింది. చిక్కపేటలోకి రాగానే "దారి, దారి" అని తోపుడుబండ్ల వాళ్ళు వేసే కేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వాళ్ళ వీధిలో ఎదురింటి అక్కయమ్మ మాత్రం, "అయ్యో! మన సొన్నమ్మ కారు తోలుకోనొచ్చిండాది చూడండే!" అని వీధంతా వినబడేలా అరిచింది.

రెండు రోజులు కదిరప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోపమా అంటే కోపం కాదు. తొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషి ఎవరో తనకు తెలియదన్న మాట దగ్గరే అతని బుద్ధి ఆగిపోయింది. ఆమె గంజి తెచ్చి పెడితే తాగాడు. మూడోరోజు ఎడమకన్ను కొంచెం విచ్చుకుంది. అప్పుడు నోరు విప్పాడు.

"బెట్ట దిగేటప్పుడు మూడో మలుపులో నువ్వు బ్రేకు తొక్కలేదు. విన్నాను. ఎందుకు?"

సొన్నమ్మ గంజి చల్లారుస్తూ అంది. "తొక్కినా. పట్టలేదు. రెండో మలుపు కాడనే పోయింది."

కదిరప్ప లేచి కూర్చున్నాడు. "ఏమంటివి?"

"పిన్ను తెగి బ్రేకు కడ్డీ ఊడిపోయింది. హ్యాండు బ్రేకూ గేరూ పెట్టుకోని దించినా. నువ్వు ఆస్పత్రిలో ఉంటే బస్సుషెడ్డు కాడ మేస్త్రీతో కొత్త పిన్ను వేయించినా."

అతను గోడ పట్టుకుని బయటికి నడిచాడు. బండి కిందికి దూరి, తెరుచుకున్న ఒక్క కంటితో వెతికాడు. నూనె మరకల నడుమ తెల్లగా మెరుస్తూ కొత్త పిన్ను. ఆ బెట్ట దారి, ఆ లోయ, మలుపుల్లో తాను తిప్పే వేగం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు నిలిచాయి.

"నాకెందుకు చెప్పలేదే అప్పుడు?" అని కిందినుంచే అరిచాడు.

"చెప్తే తలుపు తీసుకోని దూకేవాడివి" అంది సొన్నమ్మ వాకిట్లోంచి.

ఆ మాటా నిజమే. కదిరప్ప చాలాసేపు బయటికి రాలేదు.

ఆ మరుసటి నెల ఇద్దరూ లైసెన్సులిచ్చే ఆఫీసుకు పోయారు. పరీక్ష ఎవరికని గుమాస్తా అడిగాడు. కదిరప్ప భార్యను చూపించాడు. గుమాస్తా కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ అడిగాడు. కదిరప్ప మళ్ళీ ఆమెనే చూపించాడు.