ఆరువేల బంతులు

కుడిచెయ్యి భుజం దాకా బంతుల్లోకి దింపి, చెంప ఒక పచ్చబంతికి ఆనించి, ఆమె తొట్టి అడుగు తడుముతోంది. ఈ పనికి కళ్ళు అక్కర్లేదు. అడుగున పరిచిన మెత్తటి పట్టా మీద వేళ్ళు పాకుతుంటే ఏది ఏమిటో వేళ్ళే చెప్తాయి. గరగరలాడితే బిస్కెట్టు పొడి. సాగితే ఎవరో నమిలి ఉమ్మిన గమ్ము. మెత్తగా, చల్లగా ఉండి ఒక అంచు మాత్రం వేలికి అతుక్కుంటే, ఏ మోకాలి మీంచో ఊడిన ప్లాస్టరు. ఇవాళ ప్లాస్టర్లు మూడు దొరికాయి. ఒకదానికి పుండు మీది చెక్కు కూడా అంటుకుని వచ్చింది. ఆమె దాన్ని వెలుగులోకి ఎత్తి చూసి, ఎండిపోయిందిలే అనుకుని, చెత్తసంచిలో వేసింది. రబ్బరు తొడుగులు ఇచ్చారు గానీ అవి కుళాయికి వేలాడుతూనే ఉంటాయి. అవి తొడిగితే వేళ్ళకి చూపు పోతుందని ఆమె ఫిర్యాదు.

షాపింగ్ కాంప్లెక్సు మూడో అంతస్తులో పిల్లల ఆటల హాలు అది. జారుడుబల్ల, గెంతే పట్టా, ఒక మూలగా వలగోడల మధ్య బంతుల తొట్టి. అందులో ఐదు రంగుల్లో ఆరువేల బంతులు. వెనకగదిలో వాటిని కడిగే డ్రమ్ము ఉంది. ఒక విడతకు ఐదువందలు పడతాయి, పాతిక నిమిషాలు తిరుగుతుంది. అన్నీ కడగాలంటే ఐదు గంటలు. తొట్టి పక్కన గోడమీద, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఎలుగుబంటి కింద, "ఈ బంతులను ప్రతిరోజూ శుభ్రపరుస్తాము" అని రాసి ఉంటుంది. కడిగేది మాత్రం నెలకోసారి. అదీ తనిఖీకి వస్తున్నామని ఎవరో ముందుగా, మర్యాదగా ఫోన్ చేస్తేనే.

ఆమెను ఇక్కడ అందరూ బంతులమ్మ అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది, దానితో ఎవరికీ పనిపడలేదు. ఇంతకుముందు ఒక లాడ్జిలో పదకొండేళ్ళు దుప్పట్లు ఉతికింది. అంతకుముందు ఒక హోటల్లో గిన్నెలు. మొగుడు చనిపోయిన ఏడాది ఈ కడిగే పని మొదలుపెట్టింది, కొడుక్కి ఉద్యోగం వచ్చాక కూడా మానలేదు. ఊరు ఊరంతా ముట్టుకుని, నాకి, దొర్లి వదిలేసినవి కడగడంలో ఆమె జీవితం గడిచింది. అసహ్యం వెయ్యదా అని కోడలు ఒకసారి అడిగింది. వేస్తుంది, ఎందుకు వెయ్యదు. కాకపోతే దాన్ని చెప్పులతోపాటు పనిగది బయట విడిచి వెళ్తుంది. సాయంత్రం వచ్చేసరికి చెప్పులు అక్కడే ఉంటాయి. అదీ అక్కడే ఉంటుందని ఆమె నమ్మకం.

పదింటికి తలుపులు తీశారు. సెలవురోజు కావడంతో జనం తోసుకుంటూ వచ్చారు. అమ్మానాన్నలు నేరుగా కాఫీ యంత్రం దగ్గరికి, ఫోన్లలోకి వెళ్ళిపోతారు. పిల్లల వెంట మిగిలేది తాతలూ బామ్మలే. ముసలితనంలో దొరికే ఉద్యోగం ఒకటుందంటే అది చిన్న చిన్న మేజోళ్ళు చేత్తో పట్టుకుని బల్లమీద కూర్చోవడం. ఇవాళ ముందు వరుసలో ఒక బామ్మ కవలల్ని తొట్టిలోకి దింపి, ఒక్కో చేతిలో ఒక్కో జత పట్టుకుని కూర్చుంది.

"ఏమ్మా, వీటిని రోజూ కడుగుతారట కదా?" అంది, ఎలుగుబంటి వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ.

"ఆఁ," అంది బంతులమ్మ.

నాలుగేళ్ళుగా ఆ ప్రశ్నకు అదే జవాబు. ఆ ఒక్క అక్షరానికి ఆమె నోరు ఎంత అలవాటు పడిందంటే, మనసును అడగకుండానే అనేస్తుంది.

పదకొండింటికి వియ్యపురాలి ఫోన్ వచ్చింది. వెనకగదిలోకి వెళ్ళి, తడిచెయ్యి ఏప్రన్‌కు తుడుచుకుని ఎత్తింది.

"వదినగారూ, ఇవాళ డ్యూటీలోనే ఉన్నారా?"

"ఉన్నానండీ. ఏం వదినగారూ, పాప బాగుందా?"

"దాని గొడవే. నాన్నమ్మ దగ్గరికి, బంతుల్లోకి అని పొద్దుట్నించీ నా బుర్ర తినేస్తోంది. మూడింటికి తీసుకొస్తాం. అటునుంచి మీ ఇంటికి కూడా ఓసారి... చూద్దాం."

ఆ "చూద్దాం" ఆమె చెవిలో చాలాసేపు ఉండిపోయింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతారు కాబట్టి పాప వారమంతా అమ్మమ్మ దగ్గరే. శనివారం రాత్రి మాత్రం నాన్నమ్మది. ఒకే మంచం, ఒకే దుప్పటి, నాన్నమ్మ పొట్టమీద పాప కాలు. రెండు నెలల కిందట పాపకు ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. నీళ్ళు కారే దద్దుర్లు. వియ్యపురాలు ఎవర్నీ ఏమీ అనలేదు. ఆవిడ అనే మనిషి కాదు, తుడిచే మనిషి. "పాత దుప్పట్లలో ఏవుంటాయో మనకేం తెలుస్తుంది," అని మాత్రం గోడతో అన్నట్టు అంది. ఆ రోజుతో శనివారాలు పోయాయి. ఇప్పుడు ఆదివారం ఒక గంట. ఆ గంటలో కూడా పాప కూర్చోవడానికి అమ్మమ్మ ఇంటినుంచే ఒక గుడ్డ వస్తుంది, మళ్ళీ మడతపడి వెళ్ళిపోతుంది.

పదకొండేళ్ళు ఊరి దుప్పట్లు ఉతికిన మనిషికి అది తల కొట్టేసినట్టయింది. ఆ దుప్పటిని ఏడుసార్లు మరిగే నీళ్ళలో ముంచింది. చివరికి పారేసి కొత్తది కొంది. అది ఇంకా కవరు తియ్యకుండా మంచం మీద ఉంది, మొదటిసారి పాప మీదే కప్పాలని.

బంతుల సంగతి పాపకెవరు చెప్పారో మరి. వాళ్ళ నాన్న చెప్పి ఉంటాడనుకుంది.

పన్నెండున్నరకు ఒక పిల్లవాడు చాక్లెట్టు పాలు కడుపునిండా తాగి, జారుడుబల్ల మీంచి బోర్లా జారి, తొట్టి మధ్యలో లేచి నిలబడి కక్కాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. గోధుమరంగు ద్రవం గడ్డలు గడ్డలుగా బంతుల సందుల్లోంచి దిగిపోయింది. తల్లి వచ్చి పిల్లవాడి మూతి తుడిచి, అటూ ఇటూ చూసి, వాణ్ణి ఎత్తుకుని లిఫ్టు వైపు నడిచింది. కవలలు ఆ పక్కనే ఈదుతున్నారు; వాళ్ళ బామ్మ మేజోళ్ళు పట్టుకునే కునుకు తీస్తోంది.

మేనేజరు చేతిలో గులాబీ వాసన స్ప్రే డబ్బాతో వచ్చాడు. ఎక్కడ ఏం జరిగినా ఆయన ఆ డబ్బాతోనే వస్తాడు. నిప్పంటుకున్నా దాంతోనే వస్తాడేమోనని ఆమె అనుమానం.

"తొట్టి మూసెయ్యాలి సార్. అడుగుదాకా దిగింది."

"ఇవాళా? బయట క్యూ చూశావా? పైవి ఓ నాలుగు బుట్టలు తీసి కడుగు. మిగతావి కలిపెయ్."

"వాసనొస్తోంది సార్."

ఆయన రెండుసార్లు బుస్సుమనిపించాడు. "ఇప్పుడో?"

"ఇప్పుడు గులాబీ తోటలో కక్కినట్టుంది."

"నీకు వెటకారం ఎక్కువైంది బంతులమ్మా. కానీ, కానీ."

ఆమె కలిపింది. కలపడం బాగా వచ్చామెకి. రెండు చేతులూ దింపి, కింది పొడిబంతుల్ని పైకీ, పైన తడిసినవాటిని కిందికీ పంపింది. నిమిషంలో తొట్టి మళ్ళీ ఐదు రంగుల్లో నవ్వింది. మోచేతి మడతలో చిక్కటిదేదో అంటుకుంది. విరిగిన పాలవాసన. ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఎప్పట్లా పక్కకు తుడిచెయ్యబోయి ఆగింది. మూడింటికి పాప వస్తుంది.

మధ్యాహ్నం భోజనం మానేసింది. రెండు విడతలు, వెయ్యి బంతులు కడిగింది. క్రిములు చంపే మందు ఇదివరకెప్పుడూ వెయ్యనంత వేసింది. కళ్ళు మండాయి. డ్రమ్ములోంచి తీసిన బంతుల్ని పొడిగుడ్డతో తుడిచి, వలసంచుల్లో మోసుకొచ్చి, జారుడుబల్లకు ఎదురుమూల పోసింది. ఇంట్లో పాలమీది మీగడ పిల్లలకోసం పక్కన తీసిపెట్టినట్టు, ఆ మూల ఒక్కటీ తన మనవరాలికోసం. చుట్టూ స్పాంజి దిమ్మలు నిలబెట్టింది. లోపల శుభ్రం, బయట లోకం.

ఆ గోడ రెండు నిమిషాలు నిలబడింది. కవలల్లో ఒకడు దాన్ని కోట అనుకున్నాడు. మిగతా పిల్లలు సైన్యమయ్యారు. స్పాంజి దిమ్మలు గాల్లోకి లేచాయి. కడిగిన ఎరుపు, కడగని ఎరుపులో దొర్లింది. కడిగిన నీలం ఒక పిల్ల నోటిదాకా వెళ్ళి తడిగా తిరిగొచ్చింది. రెండింటికీ తేడా ఇక ఎవరూ చెప్పలేరు, ఆమెతో సహా. గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి చూసింది.

సరిగ్గా మూడింటికి వచ్చారు. ముందు వియ్యపురాలు, చంకలో సంచి, చేతిలో తడి టిష్యూల పొట్లం. వెనక వియ్యంకుడు, చేతిలో పాప చెప్పులు. మధ్యలో నాలుగేళ్ళ పాప. పసుపు బాతుబొమ్మల మేజోళ్ళతో నున్నటి గచ్చు మీద జారుకుంటూ వచ్చి నాన్నమ్మ మోకాళ్ళకు కొట్టుకుంది. ఆమె వంగి ముద్దుపెట్టింది. ముద్దు ఆరకముందే టిష్యూ వచ్చింది. లిఫ్టు మీట ముట్టుకుందని చేతులూ, ఎవరెవరో కూర్చున్నారని బల్లా, ఎందుకైనా మంచిదని పాప చెంపా తుడిచేసి, వియ్యపురాలు చల్లగా నవ్వింది.

"వెళ్ళమ్మా, ఆడుకో," అని తొట్టి వైపు చూపించింది.

అంత తుడిచే మనిషి. బంతులమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాప చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ జారుడుబల్ల ఎక్కుదాం బంగారం. బంతులు వద్దులే. లోతు, భయమేస్తుంది."

"నాకేం భయం! నేను పోయినసారి అడుగుదాకా వెళ్ళా నాన్నమ్మా. ఎర్రబంతి నోట్లో పెట్టుకుని కుక్కపిల్లలాగా వచ్చా. కదా తాతయ్యా?"

తాతయ్య చేతిలోని చెప్పుల వైపు చూసుకున్నాడు.

"పోయినసారా? ఎప్పుడొచ్చారు?" అంది బంతులమ్మ.

"రెండుసార్లు తీసుకొచ్చాంలెండి," అంది వియ్యపురాలు. "మంగళవారం, మీకు సెలవు కదా అని..." అంతవరకూ వచ్చాక, ఆ మాట ఎటు పోతోందో తనకే తెలిసి ఆగిపోయింది. తర్వాత అక్కర్లేని వివరం ఒకటి తగిలించింది. "ఎప్పటి సంగతో. దానికి దద్దుర్లు రాకముందు."

 రెండు నెలల కిందటి మంగళవారాలు. ఎర్రబంతి నోట్లో. కవరు తియ్యని దుప్పటి. ఒకదాని వెనక ఒకటి అవి బంతులమ్మ ముందు వచ్చి వరసగా నిలబడుతుండగా, పాప చెయ్యి విదిలించుకుని తొట్టి అంచెక్కి దూకింది.

ఆమె గాల్లోనే దొరకబుచ్చుకుంది. మొత్తం కాదు. ఒక కాలు మోకాలి దాకా దిగిపోయింది. చంకలకింద పట్టుకుని పైకి లాగితే పాప వచ్చింది, మేజోడు రాలేదు.

"దిగొద్దు! దాంట్లో దిగొద్దే! కక్కారు దాంట్లో!"

అరిచింది. నాలుగేళ్ళలో ఆ హాల్లో ఆమె గొంతు అంత పైకి వెళ్ళలేదు. కాఫీ కప్పులు ఆగాయి. ఫోన్లలోంచి తలలు లేచాయి.

ముందు వరుసలో బామ్మ, ఒక్కో చేతిలో ఒక్కో జతతో, మెల్లగా లేచి నిలబడింది. కవలలు తొట్టి మధ్యలోనే ఉన్నారు.

"ఎప్పుడు కక్కారు?"

"మధ్యాహ్నం."

"మధ్యాహ్నం నుంచీ మా వాళ్ళు అందులోనే ఉన్నారు కదమ్మా. పొద్దున నేనడిగితే అవునన్నావు." ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టుంది. "నీ మనవరాలైతే దిగొద్దా?"

బంతులమ్మ నోరు తెరిచింది. అలవాటైన "ఆఁ" కూడా రాలేదు. పాపను పట్టుకున్న తన చేతులు కనబడ్డాయి. మోచేతి మడతలో ఎండిన గోధుమరంగు చార. ఈ చేతులే కలిపాయి. నిన్నా, మొన్నా, ఆ మంగళవారాల ముందు సోమవారాలూ ఇవే కలిపాయి. చెప్పుల పక్కన విడిచివచ్చిన అసహ్యం, అన్నేళ్ళదీ ఒకేసారి, లోపలికి నడిచొచ్చి ఆ చేతుల మీదికే ఎక్కింది.  పాపను మెల్లగా కిందికి దించి, చేతులు దూరంగా పెట్టుకుంది.

తల్లులు తొట్టిలోంచి పిల్లల్ని పెరుక్కుంటున్నారు. ఎవరో బంతిని వాసన చూసి విసిరికొట్టారు. మేనేజరు డబ్బా పట్టుకుని అటూ ఇటూ తిరిగి, ఎక్కడ కొట్టాలో తోచక, చివరికి ఆమె దగ్గర ఆగాడు. అరవలేదు. జనం ముందు అరవడం ఆయన పద్ధతి కాదు.

"రేపట్నించీ రానక్కర్లేదు," అన్నాడు మెల్లగా. "ఏప్రన్ లోపల పెట్టి వెళ్ళు."

లిఫ్టు దగ్గర వియ్యపురాలు మేజోడు ఊడిన పాప కాలిని తుడుస్తోంది. ఒక టిష్యూ, రెండు, నాలుగు. తుడుస్తూనే, తలెత్తకుండా అడిగింది.

"మీకు తెలుసు కదా వదినగారూ. అన్నాళ్ళూ తెలుసు కదా."

"తెలుసు."

"మేమేమో ఆ దుప్పటి..." అన్నాడు వియ్యంకుడు. ఆయన నోటివెంట ఆ రోజు వచ్చిన మొదటి మాట అది. "తప్పుగా అనుకున్నామమ్మా చెల్లెమ్మా."

"తప్పేం లేదన్నయ్యగారూ," అంది బంతులమ్మ. "చోటు మారింది గానీ, మనిషిని సరిగ్గానే పట్టుకున్నారు."

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. తన ఇంటికి వస్తారా అని ఆమె అడగలేదు. చూద్దామని వాళ్ళూ అనలేదు. "నాన్నమ్మా, నా బాతు!" అని పాప ఆ కాలు ఎత్తి చూపిస్తుండగా తలుపులు మూసుకున్నాయి.

ఆమె వెనకగదిలోకి వెళ్ళి ఏప్రన్ విప్పింది. మోచేతుల దాకా మందునీళ్ళతో రుద్దుకుంది. ఎర్రబడినా ఆపలేదు, మంట పుట్టాక ఆపింది. బయట తన చెప్పులు తొడుక్కుని హాలు మీదుగా నడిచింది. మేనేజరు గులాబీ వాసన కొట్టించి, కాసేపు ఆగి, క్యూలో కొత్తగా వచ్చినవాళ్ళకు తొట్టి మళ్ళీ తెరుస్తున్నాడు. గోడమీద ఎలుగుబంటి అలాగే నవ్వుతోంది.

చెయ్యి భుజం దాకా దింపితే తప్ప అందని లోతులో, ఆరువేల బంతుల అడుగున, పసుపు బాతుబొమ్మ మేజోడు ఒక్కటి తడుస్తూ ఉంది.