పన్నెండో వేలిముద్ర

నేను ఒక నిప్పుడబ్బాను. కోపం నా పుట్టుకలోనే ఉంది. నా కడుపులో ఐదు లీటర్లు పడుతుంది, మూడు పాళ్ళు డీజిలు, ఒక పాలు పెట్రోలు. పట్టుకుని వంచితే నా మూతి దగ్గరి వత్తి మీదుగా మండే చుక్కలు రాలతాయి. అడవికి నిప్పు పెట్టడానికే నన్ను చేశారు. చేయించింది ఎవరనుకున్నారు? అడవి మంటల్ని ఎలా అదుపు చేయాలా అని పరిశోధించేవాళ్ళు. మనుషులకు ఇలాంటివి చెల్లుతాయి.

మార్కాపురంలో వెల్డింగ్ షాపు మస్తాన్‌వలి నన్ను చేశాడు. హైదరాబాదు నుంచి వచ్చిన శాస్త్రవేత్త డాక్టర్ యామిని ఫోనులో ఒక విదేశీ డబ్బా బొమ్మ చూపించి, అచ్చం ఇలాగే కావాలంది. బొమ్మలో గొట్టం ఒకచోట చుట్టు తిరిగి ఉంది. అది సోకు కోసమనుకుని మస్తాన్‌వలి తిన్నని గొట్టమే బిగించాడు. వెలిగించగానే మంట వెనక్కి తన్ని ఆయన కనుబొమలు రెండూ నాకేసింది. లోకంలో నేను చేసిన మొదటి పని అది. ఆయన నన్ను కాలితో ఒక్కటి తన్ని, నా పుట్టుకను నోటికొచ్చినట్టు తిట్టి, మర్నాడు గొట్టానికి చుట్టు పెట్టాడు. ఆ విసుగులో అడుగున ఒక అతుకు పలచగా పడింది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

అక్కణ్ణించి నల్లమల. అక్కడ పెద్ద సంతే ఉంది. హైదరాబాదు వాళ్ళు, ఉపగ్రహం ఫోటోలు చదివే బెంగుళూరు వాళ్ళు, ఆస్ట్రేలియా నుంచి ఇద్దరు, అటవీశాఖ వాళ్ళు, చెంచులు. నేలలో కాస్త చెమ్మ ఉండగానే, మాఘంలో, గడ్డిని కొంచెం కొంచెంగా కాల్చేస్తే ఎండాకాలంలో పెద్ద మంటలు తగ్గుతాయా అన్నది వాళ్ళ ప్రశ్న. చెంచులు ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద తాతలనాటి నుంచీ అలాగే కాలుస్తున్నారు. కానీ ఎంత గాలికి ఎంత వేడి పుడుతుందో ఎవరూ కొలిచి రాయలేదు. కొలవడం మంచిదే, నేను కాదనను.

అడవిలో పన్నెండు మడులు గీశారు. మడి చుట్టూ మూడు మీటర్ల వెడల్పున ఆకు లేకుండా ఊడ్చారు. రోజుకొక మడి, మధ్యాహ్నం రెండింటికి. వెలిగించే ముందు ముగ్గురు సరేననాలి: గాలి మీటరు చూసే యామిని, వైర్‌లెస్‌లో రేంజి ఆఫీసరు, మంట కాపలాదారు ఈదన్న. ఒక కాగితం మీద ప్రతి మడికీ మూడు గళ్ళు. ఈదన్నకు సంతకం రాదు. మొదటి రోజు సిరా పెట్టె తెరిచి యామిని అంది కదా, "రోజూ వేలికి సిరా ఎందుకు ఈదన్నా, పన్నెండూ ఇప్పుడే వేసేయండి."

"నా ఆయుస్సులో ఇన్ని ముద్రలెయ్యలా," అని నవ్వుతూనే వరసగా పన్నెండు వేశాడు. అందరికీ పని సులువైపోయింది.

ఈదన్న చెంచుపెంట మనిషి, పెంటంటే చెంచుల గూడెం. ఎడమచేతి వాటం. నన్ను పట్టుకున్న వాళ్ళలో నాకు భయం కలిగించింది ఆయనొక్కడే. నేను ఎంత రెచ్చిపోదామన్నా మణికట్టు కొంచెం పైకెత్తేవాడు, నా నోరు మూతపడేది. పదకొండు రోజులు పదకొండు మడులు, నన్ను బడిపిల్లను చేసి కాల్పించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పన్నెండో మడి వాలు మీద ఉంది. దాని పక్కనే వాగు, వాగు నిండా పూత పూసి చచ్చి ఎండిన వెదురు. వాలు పైన ఈదన్న వాళ్ళ పెంట, పదకొండు గుడిసెలు. అందులో ఒకదాంట్లో ఆయన కూతురు అంకమ్మ మూడు రోజుల బాలింత. కష్టమైన కాన్పు, లేచి నడవలేదు.

ఈదన్న నన్ను కింద పెట్టేశాడు. "ఈయాల వొద్దమ్మా. గాలి పైకి తిరుగుద్ది. ఆ వెదురంటుకుంటే ఆపలేం. పైన నా బిడ్డుండాది."

"అనుమతి ఈరోజుతో అయిపోతుంది ఈదన్నా. పదకొండు మడులతో ఫలితం తేలదు. గాలి కూడా తక్కువే ఉంది, చూడండి," అంది యామిని. ఇంతలో వైర్‌లెస్ అడిగింది, ఈదన్న ఒప్పుకున్నాడా అని. ఆమె కాగితం వైపు చూసింది. "వేలిముద్ర ఉంది సార్," అంది. అబద్ధం కాదు కదా.

నన్ను ఆమే అందుకుంది. నిజం చెప్పాలి, నాకు పండగే అయింది. ఆమె మణికట్టుకు నన్ను ఆపడం తెలియదు. తాగినట్టు కక్కాను. పది నిమిషాలు మంట బుద్ధిగానే పాకింది. తర్వాత గాలి తిరిగింది. నిప్పు నిలువుగా లేచి, ఊడ్చిన గీత మీద నుంచి వంగి, వాగులోకి దూకింది. వెదురు కణుపులు తుపాకుల్లా పేలాయి. పేలిన ప్రతి ముక్కా ఇంకొకచోట అంటించింది. ఒళ్ళంటుకున్న కుందేలు ఒకటి అరుస్తూ వచ్చి మా కాళ్ళ ముందే పడి కొట్టుకుని చచ్చింది. యామిని కెవ్వుమని నన్ను విసిరేసింది. రాతికి తగిలి నా పలచటి అతుకు వెంట్రుకంత విచ్చుకుంది.

ఈదన్న నన్ను నేల మీంచి ఎత్తుకున్నాడు. వాలెక్కి పరుగెత్తాడు. ఆమె నూనె క్యాను మోసుకుంటూ వెనకే వచ్చింది. పెంట కింద కాలిబాట ఉంది. అక్కణ్ణించి ఎదురుమంట పెట్టి, వచ్చే మంటకు తినడానికి గడ్డి లేకుండా చేయాలి. ఆడవాళ్ళు పచ్చికొమ్మలు విరుచుకుని బాట మీద నిలబడ్డారు. పొగలో ఒకరి ముఖం ఒకరికి కనబడడం లేదు.

"పెట్టేయండి, వచ్చేస్తోంది," అని ఏడుస్తోంది యామిని.

"ఉండమ్మా. ఇప్పుడు పెడితే మన మీదికే వస్తది."

చెట్ల తలలు భగ్గుమంటున్నాయి. వేడికి ఆడవాళ్ళ చేతుల్లో ఆకు ముడుచుకుపోతోంది. ఆయన గడ్డి కొసలనే చూస్తున్నాడు. పెద్ద మంట దగ్గరికొచ్చాక గాలిని తన వైపుకి లాక్కుంటుంది. గడ్డి కొసలు కిందికి, మంట వైపుకి వంగాయి.

"ఇప్పుడు," అన్నాడు ఈదన్న. ఆ అడవిలో ఎవరూ అడగకుండా ఆయన ఇచ్చిన ఒప్పుకోలు అది.

బాట వెంట వంగి నడుస్తూ నన్ను రాల్చుకుంటూ పోయాడు. నా అతుకులోంచి నూనె కారి ఆయన ఎడమచేతి మీదికి పాకింది, అంటుకుంది. ఆగడానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. కుడిచేతికి మార్చుకున్నాడు, అదీ అంటుకుంది. ఇంకా ఇరవై అడుగులుంది. చేతులు మండుతుండగా ఆ ఇరవై అడుగులూ నడిచాడు. చర్మం నాకు అంటుకుని వచ్చేసింది. చివరి గుడిసె దాటాక యామిని చీర చెంగుతో ఆ చేతుల్ని అదిమి నన్ను కాలితో తన్నేసింది. ఈసారి ఆ తన్ను నాకు తగినదే.

రెండు మంటలూ నడిమధ్య ఢీకొని, తాటిచెట్టంత లేచి, తిండి లేక కూలిపోయాయి. గుడిసెలో అంకమ్మ బిడ్డ మీద తడిగుడ్డ కప్పుకుని కూర్చుని ఉంది. ఇద్దరికీ మసి పట్టింది, అంతే.

పరిశోధనా పత్రంలో యామిని ఒక వాక్యం రాసింది: "పన్నెండో మడికి ఈదన్న ఒప్పుకోలేదు, నేనే వెలిగించాను." మిగతా సంస్థల వాళ్ళు తీసెయ్యమన్నారు. ఆమె తియ్యలేదు. ఇప్పుడు కాగితం మీద ముద్రలు వేయించుకోవడం లేదు. వెలిగించే చోట, వెలిగించే ముందు, నోటితో అడగాలి, నోటితో చెప్పాలి.

నన్ను హైదరాబాదులో వాళ్ళ సంస్థ అద్దాల బీరువాలో పెట్టారు. పక్కన ఆ కాగితం. నాలో నూనె లేదు, కోపమూ లేదు. మొన్న ఈదన్న చూడ్డానికొచ్చాడు. అరచేతులు నున్నగా, గీత అన్నది లేకుండా ఉన్నాయి. రేషన్ మిషన్ ఏ వేలినీ గుర్తుపట్టడం లేదట, కూతురు వెళ్ళి బియ్యం తెస్తోందట. నన్ను కాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

కాగితం మీది ముద్రల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టి, చివరిదాని దగ్గర ఆగాడు.

"ఇది కొట్టెయ్యమ్మా," అన్నాడు.

యామిని తల అడ్డంగా ఊపింది. "మీ వేలిముద్రలు లోకంలో ఇక ఇవే మిగిలాయి ఈదన్నా. ఈ పన్నెండే."

"ఐతే పదకొండు చాల్లే," అన్నాడు ఈదన్న.

ఆమె బీరువా తాళం తీసింది.