ఎనభై నాలుగు

బస్సు పలమనేరు చేరకముందే అమ్మకు మూడోసారి ఫోన్ చేసినాను.

"పైన ఎంతుందిమా?"

"డెబ్బై ఆరు."

"కింద?"

"ఒకటి చుక్క రెండు అయిదు. ఇందాక చెప్పిందీ అదే కదా. నువ్వు ఊరికే ఊరికే చేస్తావుంటే పట్టుపురుగులకు ఆకు ఎప్పుడేసేది నేను?"

"సరేమా. పెట్టేస్తాండా."

పెట్టేసినాను గానీ ఫోను సంచీలో వేసుకోలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న పెద్దామె నన్ను, నా ఫోన్‌ను మార్చి మార్చి చూసింది. ఆస్పత్రిలో ఎవరో ఉన్నారనుకుని ఉంటుంది.

ఇంట్లో, మా రేకుల గదిలో, నా కంప్యూటర్ పని చేస్తా ఉంది. మా ఊరు పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో ఉంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొకదాన్నే. ఆ చదువు నన్ను కుప్పంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు దాకా తీసుకొచ్చింది. ఏ రాయి వేస్తే వంటగట్టు ఎట్లుంటుంది, మెట్లు ఎట్లుంటాయి అని కొనేవాళ్ళకు బొమ్మలు చేసి చూపించడం నా పని. పని మంచిదే. పోయి వచ్చేదే కష్టం. తెల్లారక ముందు బస్సెక్కితే పొద్దెక్కినాక కుప్పం, సాయంత్రం ఎక్కితే చీకటి పడినాక ఇల్లు. నా బతుకులో సగం వి.కోట రోడ్డు మీదే గడిచిపోతాందని అనిపించేది.

బెంగళూరులో ఒక యానిమేషన్ కంపెనీ ఇంటి నుంచి పని చేసేవాళ్ళు కావాలని ప్రకటన ఇచ్చింది. పరీక్షగా ముప్పై సెకన్ల బొమ్మ చేసి పంపాలి. నేను వాన పడే వీధి చేసినాను. రాతి అరుగు, దాని మీద చినుకులు, కాలువలో నీళ్ళు. నాకు రాయి బాగా వచ్చు కాబట్టి రాయిని ఎంచుకున్నాను. వాన మాత్రం ఎందుకు పెట్టుకున్నానా అని తర్వాత ఏడ్చినాను. ఒక్కో చినుకులో వెలుతురు ఎట్లా విరుగుతుందో కంప్యూటర్ లెక్క కట్టుకోవాలి. నా దగ్గర పెద్ద గ్రాఫిక్స్ కార్డు లేదు, భారమంతా ప్రాసెసర్ మీదే. సోమవారం సాయంత్రం ఏడు లోపల పంపాలి. ఉన్న వేగంతో పోతే మంగళవారం మధ్యాహ్నానికి గానీ అయ్యేటట్టు లేదు.

అందుకే ఆదివారం కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని మదనపల్లె పోయినాను. హేమంత్ నాతో చదివినవాడు. టమాటా మార్కెట్ దగ్గర కంప్యూటర్ అంగడి పెట్టుకున్నాడు.

"ప్రాసెసర్ వేగం పెంచాలప్పా," అన్నాను.

వాడు డబ్బా మూత తీసి లోపల చూసి నవ్వినాడు. "పుంగనూరు ఆవును తెచ్చి ఒంగోలు ఎద్దు పని చెయ్యమంటాండావు కదమ్మే."

"చేస్తుందా చెయ్యదా?"

"చేస్తుంది. మేత ఎక్కువ పెట్టాల. పెడితే ఒళ్ళు కాగుతుంది."

నిజంగానే అంతే ఆ పని. వేగాన్ని ఒక మెట్టు పెంచడం, దాని చేత కష్టమైన లెక్కలు చేయించడం, వేడి ఎంత ఎక్కుతుందో చూడడం. తట్టుకుంటే ఇంకొక మెట్టు. మూడో మెట్టు దగ్గర తెర నీలంగా మారి ఆగిపోయింది. హేమంత్ వోల్టేజి కొంచెం పెంచినాడు. కొంచెం అంటే చుక్క తర్వాత రెండో అంకెలో. అప్పుడు నిలబడింది. అయితే వోల్టేజి పెంచిన ప్రతిసారీ వేడి కూడా దాని వెనకాలే ఎక్కింది.

"ఈ రెండు అంకెలూ సూస్తా ఉండు," అన్నాడు. "పైది వేడి. ఎనభై అయిదు దాటితే ఆపెయ్. ఆలోచన పెట్టుకోవద్దు, ఆపెయ్. కిందది వోల్టేజి. పని చేసేటప్పుడు ఒకటి చుక్క రెండు అయిదు దగ్గర ఉండాల."

వాడి అంగట్లో ఎంతసేపు పరీక్ష పెట్టినా డెబ్బై రెండు దాటలేదు. సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ అంగట్లో ఏసీ ఉందన్న సంగతి నాకు సోమవారం పలమనేరు బస్టాండులో గుర్తొచ్చింది.

ఏసీ గదిలో డెబ్బై రెండు చూపించింది మే నెల మధ్యాహ్నం మా రేకుల కింద ఎంత చూపిస్తుంది? దిగి వెనక్కి పోదామా అనుకున్నాను. ఆ రోజు ఫ్యాక్టరీకి కొనేవాళ్ళు వస్తున్నారు, బొమ్మలు చూపించాల్సింది నేనే. ఇంట్లో నెట్ అంటే నా ఫోన్‌దే. నేను బయటికి వస్తే అదీ నాతో వచ్చేస్తుంది, కాబట్టి దూరం నుంచి కంప్యూటర్‌ను ముట్టుకునే దారి లేదు. నాయన మల్బరీ తోటలో ఆకు కోస్తా ఉంటాడు, ఫోన్ ఎత్తడు. ఉన్నది అమ్మ ఒక్కతే.

మా అమ్మ అంకమ్మ బడికి పోలేదు. పట్టుపురుగుల షెడ్డులో థర్మామీటర్ చూసి చూసి అంకెలు వచ్చినాయి. అందుకే తెర మీద రెండే రెండు అంకెలు పెద్దవి చేసి పెట్టి, పైది వేడి, ఎనభై అయిదు దాటకూడదు అని చెప్పి వచ్చినాను. దాటితే నాకు ఫోన్ చెయ్యాలి, ఏ మీట నొక్కాలో నేను చెప్తాను. కిందది వోల్టేజి అంటే, "ఒకటిన్నర కూడా లేదు. దీనికి బల్బు గూడా ఎలగదే," అంది. దాని గురించి వివరంగా చెప్పేంత సమయం లేకపోయింది.

కుప్పంలో దిగినాక చేస్తే ఎనభై ఒకటి. కొనేవాళ్ళు వచ్చినాక, వాళ్ళకు కాఫీలు ఇచ్చే సందులో చేస్తే ఎనభై నాలుగు.

"ఎనభై నాలుగా? సరిగ్గా చూసినావామా?"

"సూసినా. ఎనభై నాలుగు."

"కిటికీ తెరిచి పెట్టు."

"తెరిచే ఉండాది. వడగాలి వస్తాంది."

కొనేవాళ్ళ ముందు నిలబడి నల్లరాయి మెట్లు చూపించినాను. ఏం చెప్పినానో నాకే తెలియదు. ఒకాయన అంచు గుండ్రంగా రావాలంటే నేను తల ఊపి చదరంగా గీసినాను. మేనేజర్ వెంకటేశులు సార్ గొంతు సవరించుకున్నాడు.

భోజనాల వేళ మళ్ళీ చేసినాను. ఎనభై నాలుగు. నాకు ప్రాణం కుదుటపడింది. ఒక్క అంకె తక్కువగా నిలిచింది కదా, నిలవనీ అనుకున్నాను. ఇంకొకసారి చేసినాను. ఎనభై నాలుగు. అన్నం డబ్బా మూసి, తినకుండానే లేచినాను.

ఆవరణలో రాళ్ళు కోసే మిషన్ అరుస్తా ఉంటే, గోడ నీడలో నిలబడి ఆలోచించినాను. ఆదివారమంతా హేమంత్ పక్కన కూర్చుని ఆ అంకెనే చూసినాను. అది ఒక చోట నిలిచే రకం కాదు. రెప్ప వేస్తే రెండు ఎక్కుతుంది, ఒకటి దిగుతుంది. మరి ఎండ నడినెత్తికి వచ్చినా ఎనభై నాలుగు దగ్గరే ఎట్లా నిలిచింది?

అప్పుడు రమణ గుర్తొచ్చినాడు. మాకు పిల్ల పురుగులు పెంచి ఇచ్చే చాకీ సెంటర్ మనిషి. రోజూ ఫోన్ చేసి, "షెడ్డులో వేడి ఎంతుంది అంకమ్మక్కా?" అని అడుగుతాడు. ఇరవై అయిదు, ఇరవై ఆరు ఉండాలని మా ఊర్లో అందరికీ తెలుసు. అమ్మ పొయ్యి దగ్గర ఉన్నా, తోటలో ఉన్నా, ఆఖరికి పెళ్ళిలో ఉన్నా ఒకటే జవాబు. "ఇరవై ఆరు సార్." ఒక్క అమ్మ అనే కాదు, మా ఊరంతా అంతే. ఉండాల్సింది ఎంతో అది చెప్తారు, ఉన్నదాని సంగతి తర్వాత వాళ్ళే చూసుకుంటారు.

ఎనభై అయిదు దాటకూడదని అమ్మకు చెప్పింది నేనే.

కిందది ఎంత ఉండాలో మాత్రం చెప్పలేదు. మళ్ళీ ఫోన్ చేసినాను.

"అమ్మా, పైది వద్దు. కింది అంకె చదువు."

"కిందదా? ఉండు." చెప్పుల చప్పుడు వినిపించింది. ఇంతసేపూ ఆ గదిలోనే లేదన్నమాట. "సున్నా. చుక్క. తొమ్మిది ఆరు."

ఒకటి చుక్క రెండు అయిదు దగ్గర ఉండాల్సింది ఒకటికన్నా కిందికి పడిపోయింది. పడేసింది నేను కాదు. హద్దు దాటి కాలినప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుంది. వేగం తగ్గించుకుంటుంది, వోల్టేజి తగ్గించుకుంటుంది, ఎట్లో ఊపిరి పీల్చుకుంటుంది. అంటే పెంచిన వేగమంతా పోయి, మామూలుకన్నా నెమ్మదిగా నడుస్తాంది.

"ఇప్పుడు పైది చెప్పుమా. నిజం చెప్పు."

"నూరు."

"ఎప్పట్నించి?"

"నువ్వు కిటికీ తెరవమన్న కాసేపటి నించి."

"యాలమా చెప్పలేదు?"

"చెప్తే ఆపమంటావు. ఆపితే నువ్వు మళ్ళా రోజూ ఆ బస్సెక్కాల. పురుగులైతే చచ్చిపోతాయి, ఇది ఇనుమే కదా, తట్టుకుంటుందిలే అనుకున్నా."

కోపానికి టైము లేదు. "డబ్బా వెనక రెండు మరలుంటాయి. చేత్తోనే తిప్పి పక్క రేకు తీసెయ్. లోపల చెయ్యి పెట్టద్దు. గదిలో ఫ్యాన్ దానికెదురుగా పెట్టు."

"గదిలో ఫ్యాన్ యాడుండాది? షెడ్డులో పెట్టుకుంటిమి కదా."

నేను ఏమీ అనకముందే, "సరే," అని పెట్టేసింది.

వెంకటేశులు సార్ దగ్గరికి పోయి, "సార్, ఇంటికి పోవాలి. పురుగులు గూటికెక్కే టైము," అన్నాను. పురుగు పట్టుగూడు అల్లే ఆ వేళకు ఇంట్లో అందరి చేతులూ కావాలి, మా వైపు దానికి ఎవరూ అడ్డం చెప్పరు. పెళ్ళికి సెలవివ్వని వాళ్ళు కూడా దానికి ఇస్తారు.

"ముందే చెప్పకూడదామ్మా? పొద్దున్నించి నిప్పుల మీద నిలబడినట్టుండావు. పో, పో. వాళ్ళకు మిగతాది నేను చెప్తాలే."

మా పురుగులు గూటికెక్కడానికి ఇంకా రెండు రోజులుంది. ఆ మనిషి మంచితనం నాకు వి.కోట దాకా గుచ్చుకుంది. పలమనేరులో బస్సు మారినాను. డ్రైవర్ టీ తాగడానికి దిగితే నేను తలుపు దగ్గర నిలబడి అతని గ్లాసు వైపే చూసినాను. "తాగనీమ్మా, కాలతాంది," అన్నాడు కండక్టర్.

ఇల్లు చేరేసరికి ఏటవాలు ఎండ ఇంకా గోడ మీదే ఉంది. గదిలో డబ్బా పక్క రేకు తీసి, గోడకు ఆనించి ఉంది. షెడ్డులో ఉండే నిలువు ఫ్యాన్ దాని మీదికి వంగి తిరుగుతాంది. పైన ఎనభై మూడు, కింద ఒకటి చుక్క రెండు అయిదు. తెర మీద వాన చాలావరకు పడిపోయింది. వీధి చివర వాలు కనిపించే ఆఖరి భాగం మాత్రం మిగిలింది. లెక్క వేస్తే ఏడుకు ముందే అయ్యేటట్టు ఉంది. అంతా ఇట్లే నడిస్తే.

అమ్మ షెడ్డులో ఉంది. పురుగులకు రోగం రాకుండా గుమ్మం దగ్గర పోసిన సున్నం తొక్కి తొంగి చూసినాను. తడి గోనెసంచులు నాలుగు వైపులా కట్టింది. తట్టల మీద పురుగులు తల ఎత్తి, ఆకు ముట్టకుండా ఉన్నాయి. ఆఖరి దశ పురుగు ఆకు కొరికే చప్పుడు చినుకులు పడినట్టు ఉంటుంది. ఆ చప్పుడు లేదు. అమ్మ చేతిలో విసనకర్ర ఉంది. ఇంత పొడుగు షెడ్డుకు ఒక్క విసనకర్ర.

"ఎంతుంది ఈడ?" అన్నాను.

"ఇరవై ఆరు," అంది అమ్మ, థర్మామీటర్ వైపు తిరగకుండా.

నేను గదిలోకి పోయి ఫ్యాన్ తీసుకొచ్చి షెడ్డులో పెట్టినాను.

"నీకేమన్నా పిచ్చా? అది కానీ ముందు," అంది.

"అయిపోవస్తాందిలేమా. చల్లబడింది కదా."

వచ్చి తెర ముందు కూర్చున్నాను. ఎనభై ఆరు. ఎనభై ఎనిమిది. అట్టముక్కతో విసరడం మొదలుపెట్టినాను. ఆఖరి భాగంలో మిగిలిన చిత్రాలు ఒక్కొక్కటే పూర్తవుతున్నాయి. తొంభై ఒకటి. ఆలోచన పెట్టుకోవద్దు, ఆపెయ్ అన్నాడు హేమంత్. చెయ్యి మీట దగ్గరికి పోయింది, అక్కడే నిలిచింది. నూరు చేరితే మళ్ళీ నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే ఏడు దాటుతుంది. తొంభై మూడు. తొంభై రెండు. తొంభై నాలుగు.

ఫోన్ మోగింది. హేమంత్.

"ఏమ్మే, అంతా బాగుండాదా? ఎంతుంది పైన?"

తొంభై ఆరును చూస్తా, "ఎనభై నాలుగు," అన్నాను.

"శబాష్. పుంగనూరు ఆవు గట్టిదే."

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. చేతుల నిండా ఆకు. నన్ను చూసింది, తెరను చూసింది. అంకెలు చదవగలదు కదా. పైటకొంగు బిగించి, ఆకు కింద పెట్టి, నా చేతిలో అట్టముక్క తీసుకుని తను విసరడం మొదలుపెట్టింది.

ఆఖరి చిత్రం తొంభై ఏడు దగ్గర పూర్తయింది. వీడియోగా కలిపి, ఫోన్ నెట్ పెట్టి పంపించినాను. ఎంత పోయిందో చూపించే గీత సగంలో ఒకసారి ఆగింది, మా ఊర్లో నెట్ అంతే. ఫోన్‌ను కిటికీ చువ్వల బయటికి పట్టుకుని నిలబడినాను. అందినట్టు జవాబు వచ్చేసరికి ఏడుకు ఇంకా కొంచెం ఉంది. ఉద్యోగం ఇస్తారో లేదో ఆ జవాబులో లేదు. వారం లోపల చెప్తామని ఉంది.

కంప్యూటర్‌ను తిరిగి మొదలుపెట్టి, హేమంత్ పెంచిన మెట్లన్నీ ఒక్కొక్కటే దించినాను. వోల్టేజి పాత చోటికి తెచ్చినాను. పని లేని ప్రాసెసర్ ఎంత త్వరగా చల్లబడుతుందో చూస్తే ఆశ్చర్యం. షెడ్డులోంచి సన్నగా ఆకు కొరికే చప్పుడు మొదలైంది.

"ఎంతుందిమే ఇప్పుడు?" షెడ్డులోంచే అడిగింది అమ్మ.

"నలభై తొమ్మిది."

"నిజమేనా?" అంది.