ఉప్పేసిన నిమ్మరసం

ఎప్పటిలాగే షుగర్ గోళీ మింగి, నీళ్లు తాగి, చొక్కా జేబులో రెండు సుద్దముక్కలు వేసుకున్నాడు లింగస్వామి. చైతన్యపురి కోచింగ్ సెంటర్లో ఇరవై రెండేళ్లుగా రాజనీతిశాస్త్రం చెబుతున్నాడు. అమెరికా పార్టీల పుట్టుపూర్వోత్తరాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. తాను మాత్రం ఏ పార్టీ గడపా తొక్కలేదు. కండువా వేస్తే ఉద్యోగం ఊడుతుందని భయం. కానీ ఒక్కరోజైనా పదిమందిలో ఒకడిగా కూర్చోవాలన్న ఆశ మాత్రం చావలేదు.

"షుగరున్నోళ్లు, మీకు నిరాహారదీక్షేంది? జర రెండు ఇడ్లీలన్న తినుండ్రి," అంది భార్య అండాలు.

"సాయంత్రం అయిదింటి దాకనే గదా. గీ ఒక్కదినం అడ్డం రాకు."

"దీక్ష ఇడిపిచ్చేటప్పుడు నిమ్మరసమిస్తరు. సక్కెరది తాగకుండ్రి. నేనే ఉప్పేసి తెస్త."

తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో సెంటర్ మూతపడి నెల కావస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్క డేరాలో గులాబీ, ఎర్ర, కాషాయ కండువాలు ఒకే జంపఖానా మీద కూర్చున్నాయి. లింగస్వామి మెడలో బంతిపూల దండ వేశారు. పెళ్లినాడు కూడా ఆయన అంత సిగ్గుపడి ఉండడు.

మధ్యాహ్నం విద్యార్థులు నల్లబల్ల మోసుకొచ్చారు. "సిలబస్ ఆగిపోయింది సార్, ఈడనే చెప్పుండ్రి," అంది హాస్టల్లో ఉండి చదివే మౌనిక.

చెప్పాడు. అమెరికా రాజ్యాంగంలో పార్టీ అన్న మాటే లేదు. అయినా పుట్టాయి. వలస వచ్చినవాడికి పని చూపించాయి, ఇల్లు చూపించాయి, అభ్యర్థిని నాలుగు గోడల మధ్య తేల్చాయి. తర్వాత ఉద్యోగాలు పరీక్షల చేతికి పోయాయి, అభ్యర్థి ఎంపిక ఓటర్ల చేతికి పోయింది, ప్రచారం టీవీ చేతికి పోయింది.

"మరి పార్టీకి ఏం మిగిలింది సార్?"

లింగస్వామి జంపఖానా వైపు చూశాడు. "పక్కన కూసునే మనుషులు మిగలాలె బిడ్డా. ఆడ గదే కరువైంది. రేపు మనకు రాష్ట్రమొచ్చినంక గూడ గిట్లనే కూసుంటమా అని నా పరేషాన్."

సుద్ద పట్టిన చేయి వణికింది. చొక్కా చెమటతో తడిసింది. ఎండ వల్లేననుకున్నారు అందరూ, ఆయనా అంతే అనుకున్నాడు. ఖాళీ కడుపులో పొద్దుటి గోళీ తన పని తాను చేసుకుపోతోందని ఎవరికీ తట్టలేదు. ఆయన వెళ్లి తన చోట కూర్చుని, గుంజకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ముఖంలో ఎన్నడూ లేని తృప్తి.

బస్సుల్లేక వనస్థలిపురం నుంచి నడిచి నాలుగింటికి వచ్చింది అండాలు. కునుకు పట్టిందనుకుని లేపలేదు. తెచ్చిన నిమ్మరసం గ్లాసులో పోసి ముందు పెట్టి, మూత కప్పింది. అయిదింటికి ఒక పెద్దాయన వరసగా అందరి దీక్ష విడిపిస్తూ వచ్చి భుజం తట్టాడు. లింగస్వామి పక్కవాడి ఒళ్లోకి ఒరిగిపోయాడు. మూడు రంగుల కండువాలూ కలిసి ఆయన్ను ఆటోలోకి ఎత్తాయి.

"గంట ముందు ఇంత చక్కెర నోట్లో పోసినా దక్కేవాడమ్మా," అన్నాడు దవాఖానలో డాక్టరు. అండాలు ఏడవలేదు. నిమ్మరసంలో ఉప్పేసిన తన కుడిచేతి వైపే చూస్తూ కూర్చుంది.

డేరాలో ఆయన చోటు పక్కవాళ్లు అలాగే వదిలేశారు. అక్కడ ఆయన జేబులోంచి జారిన, వాడని సుద్దముక్క ఒకటి, దాని పక్కన ఉప్పేసిన నిమ్మరసం, గ్లాసు నిండుగా, మూత కప్పి ఉంది.