ముందు ఆయన మాట

ద్వాలి ఎడమచేత్తో మిరపకొమ్మను ఆనించి పట్టుకుని, కుడిచేతి బొటనవేలు తొడిమె మొదట్లో నొక్కి, కాయను పైకి తిప్పింది. కాయ తొడిమెతో సహా చేతిలోకి వచ్చింది. కిందికి గుంజితే కొమ్మ చీలుతుంది. అడ్డంగా లాగితే తొడిమె చెట్టుకే ఉండిపోతుంది, తొడిమె లేని కాయ కల్లంలో గింజలు రాలుస్తుంది. ఈ కిటుకు ఆమె ఏడో ఏటనే నేర్చుకుంది. ఇప్పుడు పదహారేళ్లు. పనిని చేతులకు వదిలేసి నోటితో ఇంకో పని చేసుకోవడం మాత్రం ఈ ఏడాదే అలవాటైంది.

చెట్టుకొక పాదం. నాలుగు చెట్లకు ఒక పద్యం. ఐదో చెట్టు దగ్గర తాత్పర్యం. కాయ ఎక్కువున్న చెట్టు దగ్గర పాదాన్ని రెండుసార్లు చెప్పుకునేది. పుస్తకం ముట్టుకునే వీల్లేదు. మిరప చేతులతో పేజీ తిప్పితే ఆ ఘాటు కాగితానికి అంటుకుని, ఎల్లుండి పరీక్ష హాలు బయట కూర్చుని చదువుకునేటప్పుడు కళ్లలోకి వస్తుంది.

"ఏం గొణుగుతున్నవే? చెట్టుకు మంత్రమేస్తున్నవా?" పక్క సాలులోంచి సోనీ పెద్దమ్మ అడిగింది.

"పద్యం, పెద్దమ్మా."

"పద్యం చెప్తే కాయ తనంతట తనే సంచిల పడ్తదా?"

"పడదు."

"మరి పాటన్న పాడు. మా నడుములకన్న జర సుఖముంటది."

ఆడవాళ్లు నవ్వారు. ద్వాలి కూడా నవ్వి మూడో పాదం అందుకుంది.

అది రెండువేల ఏడు మార్చి. బోనకల్ దగ్గర, కాలువ కింద నల్లరేగడి చేను. జూలూరుపాడు దగ్గరి తండా నుంచి వచ్చిన గుంపులో కాయ ఏరేవాళ్లు పన్నెండు మంది, అందరూ ఆడవాళ్లే. మేస్త్రి ద్వాలి తండ్రి రామ్‌సింగ్. ఆయన ఏరడు. గట్టు మీద నిలబడి ఎవరి సాలులో పండుకాయ మిగిలిపోయిందో చూస్తాడు, నిండిన సంచులను బండి మీదికి ఎత్తిస్తాడు. మిరప ఏరడం ఆడవాళ్ల వేళ్ల పని. మగవాడు సాలులోకి దిగితే ఆ ఏడాదంతా తండాలో అదే ముచ్చట.

ఎల్లుండి పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో తెలుగు మొదటి పేపరు. రేపు సాయంత్రంలోగా బడికి పోయి హాల్ టికెట్ తీసుకోవాలి. అంటే ఈ రోజు నాలుగు గంటల ప్యాసింజర్ ఎక్కి ఖమ్మంలో దిగి, కొత్తగూడెం బస్సు పట్టుకోవాలి. ఇక్కడికి వచ్చేటప్పుడు, పరీక్షల ముందే మూడో ఏరుడు అయిపోతుందని తండ్రి అన్నాడు. నడుమ నాలుగు రోజులు మబ్బు పట్టింది. మబ్బు పోగానే కాయంతా ఒక్కసారే పండింది. చేను ఇంకా సగముంది, మబ్బు మళ్లీ పడమట కమ్ముకుంటోంది.

గుంపుకు వంట చేసే తల్లి గోరిని, పొద్దున రొట్టెలు కాలుస్తుండగా ద్వాలి అడిగింది. "యాడీ, బాపుకు నువ్వు చెప్పరాదూ?"

"నేను చెప్తే నన్నే తిడ్తడు. నిన్నైతే తిట్టడు. నువ్వే చెప్పుకో," అంది గోరి, రొట్టె తిరగేస్తూ. "పోతనంటే మాత్రం నేను వద్దనను."

ద్వాలి ఆరో పద్యం దగ్గర ఆగింది. అది అడవి పద్యం. ఆ పద్యం వచ్చినప్పుడల్లా భారతమ్మ టీచర్ గుర్తుకొస్తుంది.

భారతమ్మ టీచర్ పొట్టి మనిషి. ఎడమచేతికి మగవాళ్ల వాచీ పెట్టుకునేది. సత్తుపల్లి వైపు నుంచి వచ్చి జూలూరుపాడులో కిరాయికి ఉండేది. ఎనిమిదేళ్లుగా అదే బడి, అదే గది, అవే పాఠాలు. ఆమెకు బహుమతులు వచ్చినట్టుగానీ, ఆమె గురించి పేపర్లో రాసినట్టుగానీ ఎవరూ చెప్పలేదు. పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు నడుమ నిలువుగా ఒక గీత గీసేది. ఎడమవైపు పైన 'ఆయన మాట' అనీ, కుడివైపు పైన 'నా మాట' అనీ రాసేది. ఆయన అంటే కవి. ఎడమ సగం నిండేదాకా కుడి సగంలో సుద్దముక్క ఆనేది కాదు. కొన్ని పాఠాలకు ఎడమ సగం నిండడానికే మూడు రోజులు పట్టేది. కుడి సగం ఖాళీగా, నల్లగా, పిల్లలను చూస్తూ ఉండేది.

ఆ పద్యంలో రాజు కోపగించి ఆ కవినే అడవికి తరిమేస్తాడు. చీకటి, ముళ్లు, మృగాలు, తిండి దొరకని ఆకలి అన్నీ వరసగా వస్తాయి. టీచర్ చదవడం ముగించగానే భద్రయ్య లేచి నిలబడ్డాడు. అతను కోయ పిల్లవాడు, హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు.

"టీచర్, గిది శిక్షెట్లయితది? మా ఇల్లు ఆడనే ఉంది."

క్లాసంతా గొల్లున నవ్వింది. భద్రయ్య కూర్చోలేదు.

"తిండి దొరకదని రాసిండు. ఎండకాలం ఇప్పపువ్వు ఉంటది, తునికిపండ్లుంటయి, గడ్డలుంటయి. ఆయనకు ఏరుకునుడు రాకపోతే అడవి తప్పా?"

భారతమ్మ టీచర్ నవ్వలేదు, కసరలేదు. వాచీ చూసుకుంది. "ఇది కుడివైపు మాట, భద్రయ్యా. బాగుంది, దాచిపెట్టుకో. ముందు ఆయన మాట చెప్పు. అడవిని ఎప్పుడూ చూడని మనిషి, రాత్రికి రాత్రి ఒంటరిగా వెళ్లాడు. ఆయనకెందుకు భయమేసిందో చెప్పు. ఆయన విన్నాడనుకో, 'అవును, నేనన్నది ఇదే' అనాలి. అప్పుడు నీకు కాదనే హక్కు వస్తుంది."

భద్రయ్యకు అది చెప్పడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు పద్యాన్నే తిరగేసి చెప్పాడు, చాలదంది టీచర్. రెండో రోజు నీళ్లు నమిలాడు. మూడో రోజు లేచి, తాను హాస్టల్‌కు వచ్చిన మొదటి రాత్రి గురించి చెప్పాడు. కొత్త గోడలు, తెలియని భాష, అన్నం ఎక్కడ పెడతారో అడగలేక ఆకలితో పడుకోవడం. "ఆయనకు అడవిల గట్లనే అనిపించి ఉంటది," అన్నాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. టీచర్ సుద్దముక్క అతని చేతికే ఇచ్చి, కుడి సగంలో ఇప్పపువ్వు గురించి రాసుకోమంది.

ఇది చూసి కూడా ద్వాలి అర్ధ సంవత్సర పరీక్షలో తప్పు చేసింది. అదే పద్యానికి ఎనిమిది మార్కుల ప్రశ్న వస్తే, అడవి కంటే ఖమ్మం బస్టాండు భయంకరమని రెండు పేజీలు రాసింది. జేబు దొంగలు, ఆగకుండా పోయే బస్సులు, ఎటు పోవాలో అడిగితే చీదరించుకునే మనుషులు. బ్రహ్మాండంగా రాశాననుకుంది. రెండు మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో, 'నీ మాట బాగుంది. ఆయన మాట ఏది?' అని ఉంది. ద్వాలి ఆ పేపరును ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

మధ్యాహ్నం గట్టు మీద అందరూ రొట్టెలు తింటున్నప్పుడు ద్వాలి తండ్రి దగ్గరికి పోయింది. "బాపూ, ఇయ్యాల నాలుగింటి బండికి పోత. ఎల్లుండి పరీక్ష. హాల్ టికెట్ తీసుకోవాలె. తండాల ఆడపిల్లలు ఎవరూ పది రాయలే, నేను రాస్త."

రామ్‌సింగ్ రొట్టె నములుతూ పడమటి మబ్బును చూశాడు. "పన్నెండు మంది అని చెప్పిన. ఆసామికి పదకొండు మందిని ఎట్ల చూపెట్టాలె? పది ఏడికి పోదు, వచ్చేయేడు రాద్దువు."

"వచ్చేయేడు గూడ మిరప ఉంటది కదా."

"ఉంటది," అన్నాడాయన. "సాలు చూడు పో."

ద్వాలి సాలులోకి తిరిగి వచ్చింది. కళ్లు మండాయి. తుడుచుకోవడానికి లేదు, చేతులకు మిరప ఉంది. మోచేతి మడతతో ఒత్తుకుని కాయ తెంపింది. నాలుగు చెట్లు, ఐదు చెట్లు. పద్యం నోటికి రాలేదు. తాను తండ్రితో అన్న మాటలే వరసగా చెప్పుకుంది. పోత, నా పరీక్ష, నా హాల్ టికెట్, నేను రాస్త. అంతా కుడి సగమే. ఎడమ సగంలో అక్షరం లేదు. మళ్లీ రెండు మార్కుల జవాబే రాసి వచ్చింది.

ఆయన మాట ఏమిటి? ఆ సాలు చివరిదాకా ఆమె దాని గురించే ఆలోచించింది. చిన్నప్పుడు పొయ్యి దగ్గర విన్నవి, పెద్దవాళ్లు తమలో తాము అనుకున్నవి ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని వరసలో పెట్టింది. సాలు అయిపోగానే సంచి దించి గట్టెక్కింది.

"మళ్ల ఏంది?" అన్నాడు రామ్‌సింగ్.

"నీ మాట నేను చెప్త. తప్పుంటే చెప్పు."

ఆయన ఆమెను వింతగా చూశాడు.

"ఐదేండ్ల కింద మన తండా గుంపు పని నడుమ ఇడిచిపెట్టి లేచిపోయింది. అప్పుడు మేస్త్రివి నువ్వు గాదు. వాన పడి ఆసామి కాయంత నల్లగైంది. ఆనాటి సంది రెండేండ్లు ఈ దిక్కు మనోళ్లను ఎవ్వరు పిల్వలే. నువ్వు ఊరూరు తిరిగినవ్. పన్నెండు మందంటే పన్నెండు మంది, ఆఖరి కాయ దాక ఉంటమని ఒప్పించినవ్. ఇయ్యాల నేను లేస్తే రేపు ఇంకోళ్ల బిడ్డ లేస్తది. మేస్త్రి బిడ్డే పోయింది, మేం పోతే ఏందంటరు. అప్పుడు అనేందుకు నీకు నోరుండదు. నేను పోవుడంటే ఒక్క మనిషి పోవుడు గాదు, నువ్వు మూడేండ్లు నిలబెట్టిన మాట పోవుడు."

రామ్‌సింగ్ కాలువ వైపు చూశాడు. తన మనసులో ఉన్నదాన్ని ఇంత వరసగా ఆయన ఎవరికీ చెప్పి ఉండడు, తనకు తాను కూడా.

"అవ్," అన్నాడు చివరికి. "గదే."

"తప్పుందా?"

"లేదు."

"ఇప్పుడు నా మాట చెప్త. నేను గూడ మాటిచ్చిన, బాపూ. పరీక్షకు వస్తనని బడిల పేర్ల కాయితం మీద సంతకం పెట్టిన. మంచిగ ఆలోచించుకుని పెట్టు అన్నది టీచర్. ఆలోచించే పెట్టిన. నీ మాట నిలబెట్టుటానికి నా మాట తప్పాలెనా? తప్పాలె అంటే చెప్పు, తప్పుత. కని నువ్వు నోటితోని చెప్పాలె."

గాలికి మిరప ఆకులు తిరగబడ్డాయి. రామ్‌సింగ్ తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"గిదంత ఎవరు నేర్పిండ్రు?"

"తెలుగు క్లాసుల."

"తెలుగు క్లాసుల పద్యాలు చెప్తరనుకున్న."

"పద్యాలే చెప్తరు."

ఆయన పో అనలేదు, వద్దనలేదు. ద్వాలి దిగి వచ్చి కొత్త సాలు పట్టింది. లోపల భయమేమీ లేదు. చెప్పవలసింది పూర్తిగా చెప్పింది, ఈసారి ఏ సగమూ ఖాళీ లేదు. కొమ్మ పట్టింది, కాయ తెంపింది. ఆగిన పద్యం దానంతట అదే నోటికి వచ్చింది.

ఆమె రెండో పాదంలో ఉండగా పక్కన చెట్లు కదిలాయి. తండ్రి సాలులో ఉన్నాడు. తలపాగా గుడ్డను నడుముకు ఒడిలా కట్టుకున్నాడు.

"జరుగు," అన్నాడు.

"బాపూ?"

"పన్నెండు మంది అని చెప్పిన. ఆడోళ్లే అని చెప్పలే."

ముందుగా సోనీ పెద్దమ్మ చూసింది. ఆమె రామ్‌సింగ్‌కు వదిన అవుతుంది, ఏమైనా అనగలదు.

"ఓ మరిదీ, గాజులు గూడ తెమ్మంటవా?"

"తే వదినా. జర పెద్దయి చూసి తే."

ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. రామ్‌సింగ్ వంగి మొదటి కాయను లాగాడు. తొడిమె చెట్టుకే ఉండిపోయింది. ఆయన అటూ ఇటూ చూసి, ఆ కాయను చొక్కా జేబులో వేసుకున్నాడు. ద్వాలి చూడనట్టు మొహం తిప్పుకుంది.

"బండి టైమైతది, నడు," అన్నాడు, తల ఎత్తకుండానే. "ముందు ఎదుటోని మాట, ఎనక నీ మాట... పరీక్షల గూడ గట్లనే రాయి."

గుడిసె దగ్గర ద్వాలి చింతపండు నీళ్లతో చేతులు మూడుసార్లు కడుక్కుంది. మంట తగ్గింది గానీ పోలేదు. గోరి రెండు రొట్టెలు గుడ్డలో కట్టింది. అప్పటికే మూటలోంచి తీసి ఉంచిన తెలుగు పుస్తకాన్ని, తన చీర కొంగుతో పట్టుకుని, వేళ్లు తగలకుండా సంచిలో పెట్టింది.

"తండాల అవ్వ దగ్గర పండు. ఎండల తిరగకు."

"తిరగను, యాడీ."

కాలువ కట్ట మీద ద్వాలి స్టేషన్ వైపు నడిచింది. మలుపు దగ్గర ఒక్కసారి ఆగి చేను వైపు చూసింది. పదకొండు రంగురంగుల పైటలు, వాటి నడుమ ఒక తెల్ల చొక్కా, అన్నీ వంగి ఉన్నాయి. తెల్ల చొక్కా అందరికంటే చాలా వెనకబడి ఉంది.

గట్టు మీద ఎవరూ లేరు. నిన్న నీళ్లు కట్టిన బురదలో దిగబడతాయని తండ్రి విప్పిన టైరు చెప్పుల జత, ఆయన రోజూ నిలబడే చోటనే, చేను వైపు తిరిగి ఉంది.