గాలి కబురు

మొదట్లో అతని చేతిలో ఉన్నవి మూడే: పాత సామాన్ల వేలంలో దక్కిన, గాలి లాగే చేతి పంపు, ఇనుప పళ్లెం మీద బోర్లించే గాజు జాడీ, అక్క మొగుడు తగిలించిన పేరు. ఆ పేరు ‘గాలి మాటలు’. వీధంతా అలాగే పిలిచేది.

పంపు విప్పి, అరిగిన తోలు బిళ్లలు తీసేసి, కొత్తవి తనే కత్తిరించి వేశాడు. నెల పట్టింది. దాన్ని బడికి తీసుకోవచ్చో లేదో చూడ్డానికి సైన్సు టీచరమ్మ అతని దుకాణానికి వచ్చింది. వెనకే బావ కూడా, వినోదం చూడ్డానికి.

అతను తన ఫోను పళ్లెం మీద పెట్టి జాడీ బోర్లించాడు. లోపలి గాలంతా లాగేదాకా పంపు కొట్టాడు.

"బావా, ఇప్పుడు ఫోన్ చెయ్యి."

బుర్రుమని మోత.

"గాలి లేకపోతే చప్పుడుండదన్నావ్! నీకా పేరు ఊరికే పెట్టానా?" బావ పకపకా నవ్వాడు.

టీచరమ్మ సంచీ భుజాన వేసుకుంది.

అతను బల్ల మీద అరచెయ్యి ఆనించాడు. ఫోను మోతకి బల్ల అదురుతోంది. నాలుక కరుచుకున్నాడు. గాలి దారి మూశాడు గానీ ఇనుము దారి తెరిచే ఉంచాడు! చప్పుడుకు మోసేవాడుంటే చాలు, గాలైతేనేం, ఇనుమైతేనేం.

"ఒక్క నిమిషం మేడమ్."

మర తిప్పి లోపలికి గాలి వదిలి, జాడీ ఎత్తి, ఫోను కింద మందపాటి స్పాంజి పెట్టి మళ్లీ బోర్లించాడు. బావ చేత మళ్లీ ఫోన్ చేయించి, అది మోగుతుండగానే పంపు అందుకున్నాడు. మోత తగ్గి తగ్గి, దోమ రొదంత అయి, అదీ ఆగిపోయింది.

"సిగ్నల్ పోయిందిలే."

"తెర చూడు బావా."

తెర వెలుగుతూనే ఉంది. దాని మీద ‘బావ’ అన్న అక్షరాలు.

"చప్పుడు గాలి కబురు బావా, మోసేవాడు లేకపోతే గడప దాటదు. నీ ఫోను తరంగమూ, ఈ వెలుగూ ఒక తల్లి పిల్లలు. వాటిని ఎవరూ మొయ్యక్కర్లేదు. ఉత్త ఖాళీలోంచి కూడా తమ కాళ్ల మీద తామే నడిచొస్తాయి. సూర్యుడి వెలుగు మనదాకా వస్తోందిగా, దాని మోత ఎప్పుడైనా విన్నావా?"

మళ్లీ మర తిప్పాడు. గాలి బుస్సున దూరింది, ఫోను గొంతు విప్పింది.

"నేనూ ఇంత సూటిగా చెప్పలేదండీ పిల్లలకి," అంది టీచరమ్మ. "పంపుతో పాటు మీరూ రావాలి."

చివరికి లెక్క చూస్తే, పంపు బడికి పోయింది. జాడీ పోయింది. పాత పేరూ పోయింది. మిగిలింది మర్నాడు వీధి మొగలో బావ గొంతెత్తి అన్న మాట:

"మా బావమరిది మాటలకి గాలితో పనేంట్రా!"