తల్లి పగ, పిల్ల లెక్కలు

సాలూరు బైపాసు పక్క వీధిలో, గిరిబాబు ఇంట్లో ఉదయం ఏడయ్యేసరికి వసారాలో చాప పరుస్తారు. పదేళ్ళ హేమ, ఏడేళ్ళ గోవింద్ స్నానాలు చేసి, బొట్టు పెట్టుకుని, తలో ట్యాబు ముందు పెట్టుకుని కూర్చుంటారు. తల్లి ఝాన్సీ పక్కనే పీట వేసుకుని కూరలు తరుగుతూ వాళ్ళ చేత లెక్కలు చేయిస్తుంది. పిల్లల్ని బడి మానిపించి ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తల్లి ఆ వీధికి కొత్త. దారిన పోయేవాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూసి, పిల్లల్ని ఇలా పెంచుకోవాలి అని ముచ్చటపడేవారు.

ముచ్చటపడ్డవాళ్ళు ఒక సంగతి గమనించలేదు. వసారాలో ఫ్యాను గాలి తగిలేది ఒక్కచోటే. ముందురోజు ఎవరికి మార్కులు ఎక్కువ వస్తే వాళ్ళు అక్కడ కూర్చోవాలి. ఆ నియమం ఝాన్సీ పెట్టిందే. వేసవి మొదలైన దగ్గర్నుంచీ గాలికింద గోవిందే కూర్చుంటున్నాడు, హేమ గోడవార చెమటలు కక్కుతోంది.

ఆ ఉదయం హేమ ట్యాబు మళ్ళీ ఎర్రగా మెరిసింది.

"ఏటే, మళ్ళీ తప్పేనా? నిన్న సెప్పిందంతా ఏటయిపోనాది?" అంది ఝాన్సీ.

హేమ తల వంచుకుంది.

"నువ్విలా సేస్తే ఆ నరసింగరావు నవ్వుతాడే. నాకు అన్నం సయించట్లేదు నీవల్ల."

నరసింగరావు అంటే ఊళ్ళో పేరుమోసిన ప్రైవేటు బడికి యజమాని. కిందటేడు వరకూ పిల్లలిద్దరూ అక్కడే చదివారు. ఆ బడిలో తల్లిదండ్రుల సమావేశానికి ఒక పద్ధతి ఉంది. మొదటి ర్యాంకుల పిల్లల తల్లిదండ్రులకు ముందువరసలో మెత్తటి కుర్చీలు, చేతికి టీ. ఆఖరి ర్యాంకులవాళ్ళకు వెనక పిల్లలు కూర్చునే బెంచీలు. మనిషి కూర్చున్న చోటును బట్టే తెలిసిపోవాలి, ఎవరి పిల్ల ఏపాటిదో. ఇన్నేళ్ళుగా దీన్ని తప్పని ఒక్కరూ అనలేదు. ముందువరస వాళ్ళకు అనవలసిన అవసరం లేదు, వెనకబెంచీ వాళ్ళకు అనే నోరు లేదు.

హేమ లెక్కల్లో వెనకబడింది కాబట్టి ఝాన్సీకి వెనకబెంచీ దక్కింది. ఆమె మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, తన వంతు వచ్చాక లేచి, "మా పాపకి భాగహారం అర్థం అవ్వట్లేదండి, కొంచెం సూడండి" అని అడిగింది.

నరసింగరావు మైకు నోటి దగ్గర్నుంచి తీయకుండానే జవాబు చెప్పాడు. "లారీవోళ్ళ పిల్లకి భాగహారం దేనికమ్మా? టైర్లు లెక్కెట్టడం వస్తే సాలదా?"

ముందు కుర్చీలన్నీ నవ్వాయి. గిరిబాబుకు సొంత లారీ ఉంది, ఘాటీ రోడ్డు మీద అతని పనితనానికి ఊళ్ళో పేరుంది. అదేదీ ఆ నవ్వును ఆపలేదు. తలుపు దగ్గర నిలబడ్డ హేమ అది విన్నది. తల్లి ముఖం ఎర్రబడటం చూసింది.

మర్నాడే ఝాన్సీ పిల్లలిద్దరి టీసీలూ తెచ్చేసుకుంది. తాను విజయనగరంలో బీయెస్సీ చదివింది, పిల్లలకు చెప్పుకోలేనిదేం కాదు. పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాయించుకోవచ్చు. అంతవరకూ బాగానే ఉంది. అయితే ఆమె పిల్లలతోపాటు ఆ నవ్వును కూడా ఇంటికి తెచ్చుకుంది.

పగ పట్టిన మనిషికి తిండి, నిద్ర, ఆలోచన అన్నీ పగే. ఊళ్ళో ఏటా జరిగే ప్రతిభా పరీక్షలో హేమ ఆ బడి పిల్లలందరినీ దాటాలి. హేమ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ ఆ బడి గేటుకు ఎదురుగా కట్టాలి. నరసింగరావు రోజూ దాన్ని చూస్తూ లోపలికి వెళ్ళాలి. ఝాన్సీ కోరిక ఇదొక్కటే. అందుకని లెక్కల కోర్సు కూడా ఏరికోరి ఆ బడిలో వాడేదే కొంది. ముల్లును ముల్లుతోనే తీయాలనుకుంది. ఒక ఏడాదిలో రెండు తరగతుల లెక్కలు పూర్తిచేయిస్తామనే కోర్సు అది. ఊళ్ళో దాన్ని చదివే పిల్లల పేర్లన్నీ మార్కుల వరుసలో ట్యాబు మీద కనిపిస్తాయి. ఝాన్సీ వంటిల్లు సర్దుకోగానే ఆ వరుస చూసేది. హేమ పేరు అడుగున ఉండేది.

అంతటితో ఆగలేదు. తమ్ముడి వరస కుర్రాడికి ఫ్లెక్సీల షాపు ఉంటే, హేమ బొమ్మతో ముందే ఒకటి వేయించి పెట్టుకుంది. ర్యాంకు అంకె అంటించడానికి మధ్యలో ఒక పసుపు వృత్తం ఖాళీగా వదిలించింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

"అమ్మా, ఆ కాళీలో ఏటి రాస్తావు?" అని హేమ అడిగింది, ఫ్లెక్సీ విప్పి చూపించిన రోజున.

"అది నీ సేతిలో ఉన్నాది" అంది తల్లి.

ఆనాటి నుంచి హేమకు చాప పరిచే వేళకు కడుపునొప్పి మొదలైంది. గోళ్ళు కొరికి కొరికి వేళ్ళ చివర్లు పచ్చిపుళ్ళయ్యాయి. గోవింద్ చిన్నవాడైనా అక్క బాధ చూడలేక, తనకు తెలిసిన చోట చాపకింద వేళ్ళు చూపించి జవాబులు అందించేవాడు. అదికూడా ఒకరోజు పట్టుబడింది.

గిరిబాబు రాయపూర్ లోడు దించి ఇంటికొచ్చినప్పుడు కూతురి వేళ్ళు చూశాడు. "నీకు డిగ్రీలో లెక్కలు సెప్పిన మేడమ్ ఉన్నాది కదా, ఇంట్లో సదివే పిల్లలకి ఏదో పద్ధతి నేర్పుతన్నాదంతన్నావు. ఓపాలి పిల్లని సూపించు."

"సూపించడానికి దానికేం రోగమా బావా?"

"రోగం వచ్చేదాకా ఉంటావేటి?"

లక్ష్మీకామేశ్వరి మేడమ్ రిటైరై విజయనగరంలో ఉంటోంది. ఆవిడది సంగీతమూ చదువూ తప్ప వేరే ఆస్తి ఎరగని కుటుంబం. ఝాన్సీ పిల్లను వెంటబెట్టుకుని వెళ్తే, ఆవిడ హేమను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాగితం మీద చిన్న భాగహారం వేసి ఇచ్చింది. హేమ పెన్సిలు పట్టుకుంది, ఒక అంకె రాసింది, తల ఎత్తింది. మరో అంకె రాసింది, తల ఎత్తింది. మేడమ్ కాసేపు చూసి, పిల్లను పెరట్లో ఉయ్యాల ఊగమని పంపేసింది.

"ఝాన్సీ, లెక్క ఇస్తే పిల్ల కాగితం వంక చూడటం లేదమ్మా. అంకె రాసినప్పుడల్లా నీ ముఖం వంక చూస్తోంది. నీ కళ్ళు పెద్దవైతే చెరిపేస్తోంది. దానికి లెక్కలు రావో, భయమో ముందు అది తేలాలి. మూడో తరగతి పుస్తకం దగ్గరికి తీసుకురా. చింతగింజలు పంచడం దగ్గర మొదలుపెట్టు. ఆ కోర్సు మాన్పించెయ్యి. ఈ ఏటికి పరీక్షలూ పోటీలూ వద్దు."

"అంటే ఆ కోర్సు మంచిది కాదాండి?"

"నీ కొడుక్కి సరిపోయింది కదా, వాణ్ణి చెయ్యనీ. కాలికి తగ్గ చెప్పు తొడుక్కుంటాంగాని, చెప్పు బాగుందని కాలు కోసుకోం."

"అయిదో తరగతి పిల్ల చేతికి మూడో తరగతి పుస్తకం ఇస్తే నరసింగరావు నవ్వుతాడండి."

మేడమ్ ఆమెను జాలిగా చూసింది. "నేను నీ కూతురి గురించి మాట్లాడుతున్నాను. నువ్వు అతని గురించి మాట్లాడుతున్నావు."

తిరుగు బస్సులో ఝాన్సీ పళ్ళు బిగించి కూర్చుంది. కోర్సు మారిస్తే ప్రతిభా పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఫ్లెక్సీ లేదు. ఆ మైకులో వినిపించిన మాట జన్మంతా అలాగే నిలిచిపోతుంది. మార్చకపోతే పిల్ల వేళ్ళు. ఒళ్ళో తలపెట్టి నిద్రపోతున్న హేమ చెయ్యి పట్టుకుని కూడా, ఆమె మనసు నరసింగరావు వైపే మొగ్గింది. ఇంకొక్క నెల చూద్దాం, గట్టిగా చదివిస్తే రాకేం అనుకుంది. ఆమె చెడ్డ తల్లి కాదు, మనలాంటి తల్లే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం. ఝాన్సీ అత్త తాయారు వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. హేమ చేత విసనకర్ర పట్టుకుని ఆవిడకు పంతులమ్మ అయింది. ఝాన్సీ వంటింట్లో పోపు పెడుతూ వింటోంది.

"మామ్మా, ఏడెనిమిదులెంత?"

"నాకేటి తెలుసే నా తల్లీ. నానేం సదివేనా?"

"నీకు సున్నా వచ్చినాది. లెగు, గోడపక్కకి ఎల్లు."

"అక్కడ ఎండ గదే."

"సున్నా వచ్చినోళ్ళు ఎండలోనే కూకోవాలి."

ఝాన్సీ ఒళ్ళు మండింది. ఆ దుర్మార్గుడు నా పిల్లకు నేర్పిన చదువు ఇది అనుకుంది.

హేమ గొంతు ఇంకా పెద్దదైంది. "నీవల్ల నాకు అన్నం సయించట్లేదు. బొమ్మేయించి కూడా పెట్టినాను. ఆ కాళీలో ఏటి రాయమంతావు? సున్నా రాయమంతావా? నిన్ను కన్నందుకు నన్ను సూసి నవ్వుతన్నారు."

ముసలమ్మ చింతపండు పక్కన పెట్టింది. "నువ్వేటే అమ్మా, ఆ బడి మేష్టరువా?"

"కాదు మామ్మా. నేను అమ్మని."

పోపు మాడిపోయింది. ఝాన్సీ పొయ్యి ఆర్పడం కూడా మరిచిపోయి నిలబడింది. నరసింగరావు ఒక్కరోజు చేసిన పనిని తాను రోజూ చేస్తోంది. అతను ముందు కుర్చీ, వెనక బెంచీ వేశాడు. తాను ఫ్యాను కిందా గోడవారా కూర్చోబెట్టింది. అతను పరాయివాడు కాబట్టి పిల్లలను తెచ్చేసుకుంది. మరి హేమ తన దగ్గర్నుంచి ఏ టీసీ తీసుకుని ఎక్కడికి పోతుంది? ఆమె వంటింటి గోడకు జారగిలబడి, అత్తకు వినిపించకుండా చీరచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సాయంత్రం అటక మీద నుంచి ఫ్లెక్సీ దించి అత్త చేతికిచ్చింది. "సింతపండు ఎండబెట్టుకో అత్తా. బొమ్మ కిందకేసి పరు."

"బాగున్నాది గదే, కొత్తది."

"దానికి అంతకన్న పని నేదు."

మర్నాటి నుంచి చాపను ఫ్యాను కిందికి పూర్తిగా లాగారు. గోవింద్ తన ట్యాబు తాను చేసుకునేవాడు. హేమ ముందు మూడో తరగతి పుస్తకం, గుప్పెడు చింతగింజలు. మొదట్లో పిల్ల అలవాటు కొద్దీ అంకె అంకెకూ తల ఎత్తేది. ఝాన్సీ ఎంత బిగపట్టుకున్నా ముఖం దాగేది కాదు. చివరికి ఆమె పీట తిప్పి, పిల్లకు వీపు పెట్టి కూర్చోవడం నేర్చుకుంది. కూతురి తప్పులు చూడకుండా ఉండటం ఆమె చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది.

పగ ఆరిందా అంటే, ఆరలేదు. ఆరవలసిన పగ కూడా కాదు. బిడ్డ ముందర తల్లిని నవ్వులపాలు చేసినవాణ్ణి ఊరికే వదిలేయమని ఈ కథ చెప్పబోవడం లేదు.

చలికాలం వచ్చాక, పక్కింటి ఈశ్వరి ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చింది. కొడుకు దేవేంద్ర ఆ బడిలోనే ఆఖరి ర్యాంకు. "రేపు మీటింగంట వదినా. ఎల్లాలంటే కాళ్ళు రావట్లేదు."

"నేనూ వస్తాను పద" అంది ఝాన్సీ. ఆ రాత్రి ఆమె చాన్నాళ్ళ తర్వాత కడుపునిండా తిన్నది.

మీటింగులో ఆమె ఈశ్వరి చెయ్యి పట్టుకుని తిన్నగా ముందువరసకు నడిచింది. నడిమి కుర్చీలో ఈశ్వరిని కూర్చోబెట్టి పక్కన తాను కూర్చుంది. నరసింగరావు మైకులో దగ్గాడు.

"మీ పిల్లలు ఇక్కడ సదవట్లేదు గదమ్మా. అయినా ఆ కుర్చీలు ర్యాంకులోళ్ళవి."

ఝాన్సీ లేచి నిలబడింది. ఆమెకు మైకు అక్కర్లేకపోయింది.

"నేను ఈవిడకి తోడొచ్చినాను. ఫీజు మొదటి ర్యాంకుకీ ఆఖరి ర్యాంకుకీ ఒక్కటే తీసుకున్నారు కదండీ, కుర్చీ ఎందుకు వేరయినాది? పిల్లకి లెక్క రాకపోతే నేర్పడం మీ పని. వాళ్ళమ్మని బెంచీ మీద కూకోబెట్టడం ఏ పాఠం? నన్ను ఇక్కడ నవ్వులపాలు సేసేరు. ఆ నవ్వు ఇంటికి పట్టుకెళ్ళి నేను నా పిల్లని కాల్సుకు తిన్నాను. ఈ బెంచీల మీద ఉన్న తల్లులంతా ఈ సాయంత్రం ఇంటికెళ్ళి అదే సేస్తారు. మీరు పెట్టిన చిచ్చు మా ఇళ్ళలో అంటుకుంటాది. ఈ వరసలు తీసేదాకా నేను లెగను. లేపాలంటే రండి, లేపండి."

అప్పుడు ముందువరస చివరనున్న ఒకావిడ లేచింది. ఆవిడ మొదటి ర్యాంకు పిల్ల తల్లి. టీ కప్పు కింద పెట్టి, వెనకబెంచీకి వెళ్ళి కూర్చుంది. వెనక నుంచి ఇద్దరు తల్లులు లేచి ముందుకు వచ్చారు. ఆ తర్వాత ఎవరు ఏ ర్యాంకో తెలియకుండా కలిసిపోయారు. నరసింగరావు మైకు పట్టుకుని, ఎవరి వంక చూసి మాట్లాడాలో తోచక నిలబడిపోయాడు. ఆ ముఖం చూసి ఝాన్సీ కడుపు నిండింది. అబద్ధం దేనికి, బాగా నిండింది.

ఆమె ఇంటికి వచ్చేసరికి వసారాలో హేమ ఒంటరిగా కూర్చుని ఉంది. ఎదురుగా గింజల కుప్పలు, చేతిలో పెన్సిలు.

"హేమా, ఏటి సేస్తన్నావే?"

"ఉండమ్మా, అయిపోతాది" అంది పిల్ల. తల ఎత్తలేదు. గింజలు మూడు కుప్పలుగా పంచి, మిగిలిన రెండిటినీ పక్కకు జరిపి, ఏదో రాసుకుని, తనలో తానే తల ఊపుకుంది.

ఝాన్సీ గుమ్మంలోనే ఆగిపోయి, పిల్ల లెక్క పూర్తయ్యేదాకా లోపలికి రాలేదు. పగ ఉన్న తల్లి తానే వెళ్ళి దాన్ని తీర్చుకోవాలి, ఆ పనికి బిడ్డను పంపకూడదు.